నవద్వారపురమునకు కావలివారు: మెచ్నికోవ్ జీవితము

మనుష్యదేహమును మన పూర్వులు తొమ్మిది వాకిళ్లుగల పురముతో పోల్చిరి. పురమన్న తరువాత కోటగోడ ఉండవలెను; గోడకు గండి పడినప్పుడు పరుగెత్తి వచ్చు కావలివారును ఉండవలెను. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నచోట ఎర్రబారుట, వాచుట, చీముపట్టుట ప్రతి పల్లెటూరి బాలుడు ఎరిగిన విషయమే. కాని ఆ వాపు శత్రువు చేసిన చెరుపా, లేక కావలివారు చేయుచున్న పోరాటమా అని ప్రశ్నించి, దానికి సమాధానము వెదకుటకు జీవితమును ధారపోసిన మహనీయుడు ఇల్యా మెచ్నికోవ్. నేడు క్యాన్సరు రోగులకు సజీవకణములనే ఔషధముగా ఎక్కించు ప్రయత్నములు పెక్కు దేశములలో జరుగుచున్నవి. ఆ ప్రయత్నములకు మూలమును వెదకుచు వెనుకకు నడచినచో మనము ఈయన ప్రయోగశాల వాకిటికి చేరుదుము.

మెచ్నికోవ్ 1845వ సంవత్సరము మే నెలలో ఖార్కోవ్ మండలములోని ఒక పల్లెపట్టున జన్మించెను. ఆనాడు ఆ సీమ రష్యా చక్రవర్తుల ఏలుబడిలో ఉండెను. నేడు అది యుక్రెయిన్ దేశములోనిది. తండ్రి రాజరక్షకదళములో కొలువు చేసిన భూస్వామి. తల్లి ఎమిలియా యూదుజాతికి చెందిన ఒక రచయిత కుమార్తె. అయిదుగురు బిడ్డలలో ఇల్యా కడగొట్టువాడు. అన్నకు చదువు చెప్పుటకు ఇంటికి వచ్చిన ఒక విద్యార్థి పొలముల వెంట మొక్కలను పరీక్షించుచు తిరుగుచుండగా, ఈ పసివాడు అతని వెంటబడి ప్రకృతిశాస్త్రములో ఓనమాలు దిద్దుకొనెను. తాను నేర్చినది ఇతరులకు చెప్పవలెనన్న ఆరాటముతో, చేతిఖర్చు డబ్బులిచ్చి తోడిపిల్లలను కూర్చుండబెట్టి ఉపన్యాసములు చెప్పెడివాడట. వైద్యము చదువవలెనని అతనికి కోరిక. కాని తల్లి కుమారుని హృదయమును ఎరిగినది. పరుల బాధను చూచి ఓర్వలేని మెత్తని మనసు రోగుల నడుమ నిలువజాలదని ఆమె వారించెను. వైద్యుడు కాని ఈ కుమారుడే వైద్యశాస్త్రమునకు కొత్త పునాది వేయుట విధివిలాసము.

ఖార్కోవ్ విశ్వవిద్యాలయములో నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించి, 1864లో పట్టము పొందునప్పటికి అతనికి పందొమ్మిదేండ్లు. తరువాత జర్మనీ, ఇటలీ దేశములకు పోయి, వెన్నెముకలేని జంతువులు పిండదశనుండి పెరుగు విధమును పరిశోధించెను. జర్మనీలోని గీసెన్ నగరమున 1865లో ఒక చిన్న చదునుపురుగును సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు, దాని కణములు ఆహారపు తునకలను తమలోనికే ఇముడ్చుకొని జీర్ణించుకొనుట చూచెను. అప్పటికి అది ఒక చిన్న వింత మాత్రమే. విత్తనము మొలకెత్తుటకు పదునేడేండ్లు పట్టినది. 1867లో, ఇరువదిరెండవ ఏట, ఒడెస్సా విశ్వవిద్యాలయములో ఆయనకు ఉపాధ్యాయపదవి లభించెను. అక్కడి విద్యార్థులలో కొందరు గురువుకంటె వయసున పెద్దవారు.

విద్యలో వెలుగు నిండిన ఈ కాలముననే గృహజీవితమున చీకటి కమ్మెను. 1869లో ఆయన ల్యుద్మీల అను యువతిని వివాహమాడెను. పెండ్లినాటికే వధువును క్షయ పీడించుచుండెను. నడువలేని ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి తీసికొనిపోవలసివచ్చెను. భార్యను బ్రతికించుకొనుటకు ఆయన చేయని ప్రయత్నము లేదు. వెచ్చని గాలులు వీచు దేశములకు తీసికొనిపోయెను. ఆ ఖర్చులకై కన్నులు మండుచున్నను రాత్రింబవళ్లు పనిచేసెను. అయినను 1873లో మదీరా ద్వీపమున ఆమె కన్నుమూసెను. ఆ శోకములో ఆయన తన ప్రాణములను తానే తీసికొన యత్నించెను. దేహము ఆ విషమును నిలుపుకొనక వెడలగ్రక్కినందున బ్రతికి బయటపడెను. మనుష్యుని కోరికలకును అతని దేహమునకును పొందిక లేదనియు, ప్రకృతి మానవుని అసంపూర్ణముగా విడిచిపెట్టినదనియు ఆ దినములలో ఆయన గాఢముగా నమ్మెను.

1875లో ఓల్గా ఆయనకు రెండవభార్యయై వచ్చెను. ఆమె ఆయనవద్ద జంతుశాస్త్రము నేర్చిన శిష్యురాలు. తరువాతి కాలమున భర్త జీవితచరిత్రను వ్రాసినదియు ఆమెయే. కాని కష్టములు వారిని వదలలేదు. 1880లో ఓల్గాకు సన్నిపాతజ్వరము వచ్చి ప్రాణముమీదికి తెచ్చినది. 1881లో జారు చక్రవర్తి హత్య జరిగెను. విశ్వవిద్యాలయములలో అలజడి, అనుమానము, అణచివేత పెచ్చుపెరిగెను. ఆ సంవత్సరమే ఆయన అన్న ఇవాన్ నడివయసులో రోగబాధ ననుభవించి మరణించెను. ఆ మరణమే టాల్‌స్టాయ్ రచించిన ఇవాన్ ఇల్యిచ్ కథకు ప్రేరణమైనదని సాహిత్యవేత్తలు చెప్పుదురు. మనసు విరిగిన మెచ్నికోవ్ మరల మృత్యువును వెదకెను. ఈ పర్యాయము మరణమైనను శాస్త్రమునకు ఉపకరించవలెనని తలచి, తిరుగబెట్టు జ్వరముగల రోగి రక్తమును తన దేహములోనికి ఎక్కించుకొనెను. జ్వరము తీవ్రముగా వచ్చెను. ఆయన మరణము అంచువరకు పోయెను. కాని దేహము మరల గెలిచెను. రెండుమారులు యజమాని విడువదలచిన కోటను, రెండుమారులును దేహమే కాపాడెను. ఆ కాపాడినది ఏమిటో అప్పటికి ఆయన ఎరుగడు.

1882లో ఆయన ఒడెస్సా ఉద్యోగమునకు రాజీనామా చేసి, ఓల్గాను, తలిదండ్రులను కోల్పోయిన ఆమె చిన్న తమ్ములను, చెల్లెండ్రను వెంటబెట్టుకొని సిసిలీ ద్వీపములోని మెస్సీనా నగరమునకు పోయెను. సముద్రపు ఒడ్డున ఇల్లు. ఇంటి ముంగిలిలో ఒక చిన్నతోట. గదిలో ఒక సూక్ష్మదర్శిని. ఒకనాడు ఇంటివారందరు సర్కసులో కోతుల ఆటలు చూడబోయిరి. మెచ్నికోవ్ ఒక్కడే ఇంట మిగిలి, శైశవదశలోని నక్షత్రచేపను పరీక్షించుచుండెను. ఆ జీవి నీటివలె స్వచ్ఛమైనది. లోపల తిరుగాడు కణములు బయటికి స్పష్టముగా కనిపించును. ఆహారమును మ్రింగగల ఈ తిరుగాడు కణములు, దేహములో చొరబడిన శత్రువును గూడ ఎందుకు మ్రింగరాదన్న ఊహ ఆయనకు మెరుపువలె తోచెను. ఆ ఊహకు ఆయన గదిలో కూర్చుండలేక, అటునిటు తిరిగి, సముద్రతీరమునకు పోయి మనసును కుదుటపరచుకొనెను.

ఊహ వేరు, నిరూపణ వేరు. ఈ ఊహ నిజమైనచో, రక్తనాళములుగాని నరములుగాని లేని ఆ చిన్నజీవి దేహములో ముల్లు గ్రుచ్చినను, తిరుగాడు కణములు దానిని చుట్టుముట్టవలెను. కొలది దినములకు ముందు పిల్లల క్రిస్మసు పండుగకు అలంకరించిన చిన్న నారింజచెట్టు ఆ తోటలోనే ఉండెను. ఆయన తోటకు పోయి గులాబీముండ్లు కొన్ని తెచ్చి, నక్షత్రచేప పిల్లల చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి చూడగా ముల్లు చుట్టును కణములు గుంపుకట్టి ముట్టడించియుండెను. మన కాలిలో ముల్లు విరిగినప్పుడు చీము ఎందుకు పట్టునో ఆ ఉదయమున మానవజాతికి తెలిసినది.

తెల్ల రక్తకణములలో సూక్ష్మజీవులు ఉండుటను అంతకుముందే కొందరు వైద్యులు చూచియుండిరి. కాని ఆ కణములు రోగబీజములను మోసికొనిపోయి దేహమంతట వెదజల్లునని వారు తలచిరి. కావలివానిని చూచి దొంగ అని భ్రమపడుటవంటిది ఇది. మెచ్నికోవ్ ఆ భావమును తలక్రిందులు చేసెను. మెస్సీనాకు వచ్చిన సుప్రసిద్ధ వైద్యుడు విర్కోవ్ ఆ ప్రయోగములను చూచి ప్రోత్సహించుచునే, తొందరపడవలదని హెచ్చరించెను. వియన్నాలో క్లౌస్ అను ఆచార్యుడు ఈ కణములకు గ్రీకుభాషనుండి ఫాగోసైట్ అను పేరును సూచించెను. మన భాషలో భక్షకకణమనుట దానికి సరిపోవును.

తరువాత ఆయన చెరువునీటిలో ఆవగింజంతగా ఈదులాడు డాఫ్నియా అను జీవిని తీసికొనెను. దానికి ఒక శిలీంధ్రమువలన వ్యాధి వచ్చును. సూదులవంటి ఆ శిలీంధ్రబీజములు ప్రేగును చీల్చి దేహములో ప్రవేశించును. వెంటనే భక్షకకణములు వానిని చుట్టుకొని కరగించును. కణములు గెలిచినచో డాఫ్నియా బ్రతుకును; బీజములు మిక్కుటమై మొలకెత్తినచో చచ్చును. రోగమనునది రోగబీజమునకును దేహకణములకును నడుమ జరుగు యుద్ధమని 1884లో ఆయన ప్రకటించెను. ఆ యుద్ధమును ఒక పారదర్శకమైన దేహములో కన్నులార చూచి చెప్పుటయే ఆయన గొప్పతనము.

పాస్టర్ కుక్కకాటుకు టీకా కనిపెట్టిన కీర్తి వ్యాపించగా, 1886లో ఒడెస్సాలోను ఒక సూక్ష్మజీవిశాస్త్రశాల వెలసెను. మెచ్నికోవ్ దానికి అధ్యక్షుడయ్యెను. వైద్యపట్టము లేనివాడు వైద్యశాలను నడుపుటయా అని స్థానిక వైద్యులు ఆక్షేపించిరి. దొమ్మరోగమునకు టీకాలు వేయబోగా గొర్రెలు పెక్కు చనిపోయినవి. అపనిందలు మితిమీరెను. శాంతిగా పరిశోధన చేసికొను చోటు వెదకుచు ఆయన యూరపు పర్యటించెను. బెర్లినులో కోహ్ ఆయనను చల్లగా పంపివేసెను. పారిసులో పాస్టర్ ఆప్యాయముగా ఆహ్వానించి, తాను నెలకొల్పుచున్న సంస్థలో ప్రయోగశాల ఇచ్చుటకు అంగీకరించెను. 1888లో ఆయన పారిసు చేరెను. మిగిలిన ఇరువదెనిమిదేండ్లు ఆ సంస్థయే ఆయనకు ఇల్లు. ఒడెస్సాలో ఆయనవద్ద చదివిన హాఫ్‌కిన్ అను శిష్యుడు గూడ అక్కడికే చేరి, కలరాకు టీకా సిద్ధపరచి, 1893లో భారతదేశమునకు వచ్చి బెంగాలులో ప్రజలకు వేసెను. 1897లో బొంబాయిలో ప్లేగు టీకాను తొలుత తన దేహముమీదనే పరీక్షించుకొనెను. గురువు సాహసము శిష్యునకు అబ్బిన తీరు ఇది.

పారిసులో శాంతి లభించెను గాని పోరాటము తప్పలేదు. 1890లో బేరింగ్, కితసాటో అను శాస్త్రజ్ఞులు రోగమునుండి కోలుకొన్న జంతువుల రక్తద్రవములో విషమును విరుచు పదార్థములు ఉన్నవని నిరూపించిరి. దేహరక్షణము రక్తద్రవముదే గాని కణములది కాదని జర్మనీ పండితులు వాదించిరి. ప్రతి విమర్శకును మెచ్నికోవ్ కొత్త ప్రయోగముతో బదులు చెప్పెను. సభలలో ఆయన జుట్టు చెదరగా, ఆవేశముతో వాదించెడివాడు. వాదములో అపజయముకంటె ఆయనను భయపెట్టినది వేరొకటి. కణములు కావలివారు కానిచో తన జీవితమునకు ఆధారమైన ఆశయే కూలిపోవును. మెస్సీనాకు పూర్వము నిరాశలో మునిగిన మనిషిని బ్రతికించినది ఆ ఆశయే గదా!

కాలము తీర్పు చెప్పినది. ఆ తీర్పులో ఇరుపక్షములకును న్యాయము జరిగెను. ఆయన ప్రయోగశాలలోనే పనిచేసిన బోర్డే రక్తద్రవములోని ఒక రక్షకశక్తిని నిరూపించెను. ఇంగ్లండులో రైట్, రక్తద్రవములోని కొన్ని పదార్థములు సూక్ష్మజీవులకు అంటుకొని, భక్షకకణములు వానిని సులభముగా మ్రింగునట్లు చేయునని 1903లో చూపెను. అనగా ద్రవమును, కణమును పరస్పరము సహకరించు సేనలే. 1908లో నోబెల్ బహుమానమును మెచ్నికోవ్‌నకును, ఎదుటిపక్షపు మేటి పండితుడు ఎర్లిక్‌నకును కలిపి ఇచ్చిరి. మరుసటి యేడు ఎర్లిక్ ఒక గొప్ప ఊహ చేసెను. దేహములో క్యాన్సరు మొలకలు తరచుగా పుట్టుచునే ఉండుననియు, రక్షణశక్తి వానిని అణచివేయనిచో ఆ వ్యాధి ఇంకను ఎంతో ఎక్కువగా కనిపించెడిదనియు ఆయన భావము. కావలివారు బయటి దొంగలనే గాక ఇంటిలో పుట్టిన ద్రోహులను గూడ పట్టుదురన్న ఆలోచన ఆనాడు నాటుకొనెను.

గొప్పవారి పొరపాట్లను దాచుట గౌరవము కాదు. ముదిమి ఒక రోగమేయనియు, పెద్దప్రేగులో కుళ్లు పుట్టించు సూక్ష్మజీవుల విషమే దానికి ముఖ్యకారణమనియు మెచ్నికోవ్ భావించెను. బల్గేరియా పల్లెవాసులు పుల్లని పెరుగు త్రాగి దీర్ఘాయువులగుచున్నారని విని, తానును నిత్యము పులిసిన పాలు సేవించెను. పెరుగన్నము లేనిదే భోజనము ముగియని తెలుగువారికి ఈ మాట వీనులవిందుగా తోచవచ్చును. ప్రేగులలోని సూక్ష్మజీవులకును ఆరోగ్యమునకును సంబంధము ఉన్నదన్న మాట నేడు అంగీకృతమైనదే. కాని పెరుగు ముదిమిని ఆపునన్న నమ్మకమును, పెద్దప్రేగు నిరుపయోగమన్న వాదమును శాస్త్రము నిలుపుకొనలేదు. ఆశ అధికమైనప్పుడు ప్రమాణము తగ్గునన్న పాఠము దీనిలో ఉన్నది.

1909లో ఆయన స్టాక్‌హోము పోయి, అటనుండి రష్యాకు వెళ్లి టాల్‌స్టాయ్‌ను దర్శించెను. శాస్త్రము మనిషికి శాంతి నీయజాలదని నమ్మిన ఋషియు, శాస్త్రమే శాంతిమార్గమని నమ్మిన పండితుడును ఒక దినము కలసి గడపిరి. ఎవరి నమ్మకమును వారు మార్చుకొనలేదు. 1914లో మహాయుద్ధము వచ్చెను. ప్రయోగశాలలోని యువకులు యుద్ధరంగమునకు పోయిరి. ప్రాణములను నిలుపుటకు జీవితమంతయు పాటుబడిన వృద్ధుని హృదయమును ఆ నరమేధము క్రుంగదీసెను. గుండెజబ్బుతో మంచము పట్టి, 1916 జూలైలో, డెబ్బదియొకటవ ఏట, పాస్టర్ నివసించిన గదులలోనే ఆయన మరణించెను. తన దేహమును పరీక్షించి, ముఖ్యముగా ప్రేగులను చూడుడని అంతకుముందే మిత్రుడైన వైద్యునకు అప్పగించెను. ఒకప్పుడు చావును కోరినవాడు, కడపట ఆ చావును గూడ ఒక ప్రయోగముగా స్వీకరించెను. ఆయన అస్థికలు ఆ సంస్థ గ్రంథాలయములో ఒక కలశమున ఉంచబడినవి.

ఆయనకు బహుమానమిచ్చిన స్టాక్‌హోములోని కారొలిన్స్కా సంస్థలోనే, 1975లో కీస్లింగ్, క్లైన్, విగ్జెల్ అను శాస్త్రజ్ఞులు మరొక తెగ కావలివారిని వర్ణించిరి. అమెరికాలో హెర్బర్మన్ బృందము గూడ ఆ కాలముననే ఈ కణములను గుర్తించెను. ఇవియు తెల్ల రక్తకణములలోనివే. ముందుగా ఎట్టి శిక్షణయు లేకయే క్యాన్సరు కణములను, వైరసు సోకిన కణములను చంపగలుగుటచేత వీనికి నేచురల్ కిల్లర్ కణములని పేరు వచ్చెను. సహజ హంతకకణములని మనము చెప్పుకొనవచ్చును. ఇవి మెచ్నికోవ్ చూచిన కణములవలె శత్రువును మ్రింగవు. శత్రుకణమును తాకి, దాని పొరకు రంధ్రము చేసి, లోనికి కొన్ని పదార్థములను పంపును. ఆ కణము తనంత తానే నశించును. మరి తనవారిని, పరులను గుర్తించుట ఎట్లు? ఆరోగ్యముగల కణములు సామాన్యముగా తమ పైపొరమీద ఇంటివారమని తెలుపు ముద్రను ధరించును. ఇతర రక్షకకణముల కన్నుగప్పుటకు క్యాన్సరు కణము తరచుగా ఆ ముద్రను చెరిపివేయును. ముద్ర లేకపోవుటయే సహజ హంతకకణమునకు గుర్తు. ఈ రహస్యమును 1986లో కేర్ మొదలగువారు వెల్లడించిరి.

ఈ కణములను దేహము వెలుపల పెంచి రోగికి ఎక్కించినచో ఏమగును? అమెరికాలోని మిన్నెసోటాలో 2005లో ప్రకటించిన ఒక పరిశోధనలో, సాధారణచికిత్సలకు లొంగని రక్తక్యాన్సరుగల 19 మందికి బంధువుల కణములను ఎక్కించగా, 5 మందిలో వ్యాధిచిహ్నములు పూర్తిగా తొలగెను. 2020లో హ్యూస్టను నగరమునుండి వెలువడిన మరొక పరిశోధనలో, శిశువుల బొడ్డుతాటి రక్తమునుండి తీసిన కణములకు క్యాన్సరును గుర్తించు కొత్త గ్రాహకమును అమర్చి 11 మందికి ఇచ్చిరి. 8 మందిలో గుణము కనిపించెను. వారిలో 7గురికి వ్యాధిచిహ్నములు పూర్తిగా పోయెను. దాత కణములు రోగి దేహముమీద తిరుగబడు ప్రమాదము ఈ కణములతో తక్కువ. కావున ముందుగానే సిద్ధపరచి నిలువచేయవచ్చునన్న ఆశ కలదు. దేహము తన కణములపైననే తిరుగబడు ల్యూపస్ వంటి వ్యాధులలోను పరీక్షలు మొదలైనవి.

అయినను తొందరపాటు తగదు. ఎక్కించిన కణములు దేహములో ఎక్కువకాలము నిలువవు. గట్టి కంతులలోనికి అవి చొచ్చుకొనిపోవుట కష్టము. చొచ్చినను అక్కడి వాతావరణము వాని బలమును హరించును. పై పరిశోధనలలో పాల్గొన్నవారి సంఖ్యయు స్వల్పము. ఈ చికిత్స చాలవరకు ఇంకను పరీక్షలదశలోనే ఉన్నది. విర్కోవ్ మెస్సీనాలో చేసిన హెచ్చరిక ఈనాటి పరిశోధకులకును వర్తించును; పెరుగు విషయములో మెచ్నికోవ్ పడిన పొరపాటు ఈనాటి వార్తాపాఠకులకును వర్తించును.

రోగము వచ్చినప్పుడు దేహము ఊరక పడియుండదు, పోరాడును. ఆ పోరాటమును ఎరిగి దానికి తోడ్పడుటయే వైద్యము. మెచ్నికోవ్ జీవితసారము ఇదియే. ల్యుద్మీల మరణమును ఆపలేక క్రుంగిన యువకుడు, తొమ్మిదేండ్ల తరువాత ఒక నక్షత్రచేప దేహములో ఆ తోడ్పాటునకు త్రోవ చూచెను. ఆ త్రోవలో వైద్యులు ఇంకను నడచుచునే ఉన్నారు. ఇక తరగతిలో ఏ బాలుడైనను ముల్లు గ్రుచ్చుకొని వాచిన వ్రేలు చూపినప్పుడు, కావలివారు వచ్చి చేరిరని ఉపాధ్యాయుడు నిస్సంశయముగా చెప్పవచ్చును.